వెల్‌కమ్ అండీ

కొత్తగా చేరే పిల్లలకి మా యూనివర్సిటీవాళ్ళు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. ఖాతా ఎలా తెరవాలి, ఫీజు ఎలా కట్టాలి, హాల్‌టికెట్ ఎలా దించుకోవాలి, అన్నీ అందులో ఉంటాయి. మొదటి పేజీలో మొదటి వాక్యం, "లాగిన్ అవడం చాలా సులభం." ఆ వాక్యం రాసింది నేనే. రాయమన్నారు, రాశాను. నేను సర్వీసులో రాసిన అబద్ధాలన్నిటిలోకీ ఎక్కువ కాపీలు అచ్చయింది అదే. ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది.

రిటైరై కంకిపాడులో ఇంటిపట్టున ఉన్నాను. మీలో ఎవరో ఒకరు రేపు ఏదో ఒక ఆఫీసులో హెల్ప్‌డెస్క్ మీద కూర్చుంటారు కదా, అందుకని ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది. హెల్ప్‌డెస్క్ అంటే ఒక బల్ల, ఒక ఫోను, తిరిగితే తిరిగే ఒక ఫ్యాను. హెల్ప్ అనేది ఆ బల్ల వెనక కూర్చున్న మనిషిని బట్టి ఉంటుంది. నేను టైపు హయ్యర్ పాసై టైపిస్టుగా చేరినదాన్ని. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక, రెండిటికీ మీటలే కదా అని నన్ను కంప్యూటర్ సెంటర్లోకి తోశారు. అక్కడే తెల్లజుట్టు వచ్చేసింది.

నా నోటి గురించి ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు ఆశ్చర్యపోనక్కర్లేదు. మా నాన్న ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీ. షెడ్డు వెనకే మా ఇల్లు. పొద్దస్తమానం సుత్తుల మోత. నెమ్మదిగా అడిగితే మా ఇంట్లో అన్నం కూడా వడ్డించేవాళ్ళు కాదు, వినపడదు కాబట్టి. చర్చిలో క్వయర్ మాస్టారు నన్ను ఎప్పుడూ మైకుకి దూరంగా నిలబెట్టేవారు. ఫోన్‌లో నేను మామూలుగా "చెప్పండి" అంటేనే అవతలివాళ్ళు ఒకటి రెండుసార్లు సారీ చెప్పేవారు.

మా డైరెక్టరు గారి సబ్జెక్టు మట్టి. తిట్టడం లేదు, నిజంగానే మట్టి. ఏ నేల ఎంత బరువు మోస్తుందో చెప్పే శాస్త్రంలో ఆయన డాక్టరేటు. డెల్టా నల్లరేగడి మీద ఆయన రాసిన పేపర్లు గొప్పవని అంటారు, నేను కాదనను. మరి కంప్యూటర్ సెంటర్‌కి ఎలా వచ్చారంటే, ఆ కుర్చీ ఖాళీగా ఉంది, ఆయనా ఖాళీగా ఉన్నారు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరైనా గొంతు పెంచితే మాత్రం ఆయనకి చెమటలు పట్టేవి. ప్రపంచంలో ఏ గొడవైనా మెత్తగా మాట్లాడితే సర్దుకుంటుందని ఆయన గట్టి నమ్మకం.

ఆయన హయాంలో ఒక సంవత్సరం అడ్మిషన్లు మొత్తం ఆన్‌లైన్ చేశారు. సీటు వచ్చిన పిల్లలు పోర్టల్‌లోకి వెళ్ళి "సీటు ఖరారు" అన్న బటన్ నొక్కాలి. ఆఖరి రోజు సాయంత్రం ఐదు లోపల నొక్కకపోతే ఆ సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతవాళ్ళకి వెళ్ళిపోతుంది. ఎవరి సంతకమూ అక్కర్లేదు, దానంతటదే పోతుంది. ఆ "దానంతటదే" అన్న మాట పలికినప్పుడల్లా డైరెక్టరు గారి మొహం వెలిగిపోయేది.

పోర్టల్‌లోకి మొదటిసారి వెళ్ళాలంటే తాత్కాలిక పాస్‌వర్డ్ కావాలి. దాన్ని ఉత్తరంలో రాసి పంపితే భద్రత ఉండదని ఆయన తేల్చారు. కాబట్టి పిల్లలు హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చెయ్యాలి, మేము నోటితో చెప్పాలి. అందరికీ ఒకటే పాస్‌వర్డ్. కాగితం మీద ఉంటే పోయే రహస్యం, జిల్లా అంతటికీ ఫోన్‌లో చెబితే ఎలా నిలుస్తుంది సార్ అని అడిగాను. పాలసీ అన్నారు. పాలసీ అన్నాక ఇంకేం మాట్లాడతాం?

మొదట ఆయన పెట్టిన పాస్‌వర్డ్ "స్వాగతం". ఇంగ్లీషు అక్షరాల్లో. మాతృభాష మీద ప్రేమ అనమాట. ఇప్పుడు మీరే చెప్పండి, ఇంగ్లీషులో స్వాగతం రాస్తే తకి ఒక్క టీ చాలా, పక్కన హెచ్ కూడా కావాలా? వకి వీ పెడతారా, డబ్ల్యూ పెడతారా? మనవైపు ఒకే ఇంట్లో అన్నదమ్ములు ఇంటిపేరును తలో రకంగా రాసుకుంటారు. రెండు రోజులు ఫోన్ కింద పెట్టే పని లేకుండా తకారాల మీద పాఠాలు చెప్పాను.

మూడోరోజు హనుమాన్ జంక్షన్ నుంచి ఒక పెద్దమనిషి ఫోన్ చేశాడు. అక్కడ పురుగుమందుల షాపుట. కూతురికి సీటు వచ్చింది.

"అమ్మా, తకి హెచ్ పెట్టమంటారా, వద్దంటారా?"

"పెట్టండి."

"హెచ్ మాకు అచ్చిరాదని సిద్ధాంతిగారు చెప్పారమ్మా. మా షాపు బోర్డులో కూడా తీయించేశారు."

"ఇది మీ షాపు బోర్డు కాదు. పెట్టండి."

"పోనీ ఒకసారి తీసేసి కొట్టి చూస్తే..."

"మీ ఇష్టమొచ్చినట్టు పెట్టుకోవడానికి ఇదేమన్నా మీ మనవరాలి పేరటండీ? కాస్త బుర్ర వాడండి!"

అటువైపు ఫోన్ ఠక్కున పెట్టేశాడు. ఆ సాయంత్రానికి ఆయన ఎవరికో చెప్పడం, ఆ ఎవరో ఇంకా పై ఎవరికో చెప్పడం, వైస్‌ఛాన్సలర్ గారి పేషీ నుంచి మా డైరెక్టరు గారికి ఫోన్ రావడం జరిగిపోయాయి. మర్నాడు సర్క్యులర్ వచ్చింది. హెల్ప్‌డెస్క్ సిబ్బంది మర్యాదగా మసలుకోవలెను. ప్రతి సమాధానమూ "అండీ"తో ముగియవలెను. నేను ఆ పెద్దమనిషిని అండీ అనే తిట్టానని మనవి చేసుకున్నాను. వినలేదు.

ఒకటి మాత్రం మంచి జరిగింది, స్వాగతాన్ని ఎత్తేశారు. కొత్త పాస్‌వర్డ్ "వెల్‌కమ్". ఎవరు రాసినా ఒకటే స్పెల్లింగు. నన్ను కూడా ఎత్తేశారనుకోండి. వెనక గదిలో ఐడీ కార్డులు ప్రింట్ చేసే పని ఇచ్చి, తాళం పడిన ఖాతాలు తెరిచే అధికారం నా లాగిన్ నుంచి తీసేశారు. ఇక మీదట అది డైరెక్టరు గారి లాగిన్‌లో తప్ప ఎక్కడా ఉండదు. విద్యార్థులకి నేను కనపడకూడదు, వినపడకూడదు. కనపడకుండా ఉండటం కుదురుతుంది గానీ రెండోది నా చేతిలో లేదని చెప్పాను. తలుపు వేసుకోమన్నారు.

నా కుర్చీలో మా సహోద్యోగిని ఒకావిడ కూర్చుంది. భీమవరం వైపు మనిషి. ఆవిడ నోరు తెరిస్తే పూతరేకు పొర విప్పినట్టుండేది. కోపం అనే సరుకు ఆవిడకి దేవుడు పెట్టలేదు. మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ తెరిస్తే ముందు నాకు పెట్టి తర్వాత తను తినేది. అటువంటి మనిషి మీద అసూయ పడటం కూడా కష్టం. తలుపు అవతల నుంచి ఆవిడ గొంతు రోజంతా వినపడుతూ ఉండేది.

"ఆయ్, నమస్కారమండి. మీ పాస్‌వర్డు వెల్‌కమ్ అండి. అన్నీ చిన్నక్షరాలేనండి. మధ్యలో గ్యాప్ ఇవ్వకుండా కలిపేసి కొట్టేయండి. ఆయ్, ఉంటానండి."

ఇంత చక్కగా చెబుతోందే అని నేనే మెచ్చుకున్నాను. డైరెక్టరు గారైతే రెండుసార్లు వచ్చి పక్కన నిలబడి విని, నా తలుపు వైపు చూసి మరీ వెళ్ళారు.

అయితే ఒక వింత మొదలైంది. మూడుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొడితే ఖాతాకి తాళం పడుతుంది. మర్నాటికి దానంతటదే తెరుచుకుంటుంది. కొత్త పిల్లల ఖాతాలకి తెగ తాళాలు పడుతున్నాయి. ఎంత మర్యాదగా చెబుతుంటే అన్ని తాళాలు. ఒకసారి తెరుచుకున్నవి కూడా మళ్ళీ పడిపోతున్నాయి. డైరెక్టరు గారు ఆ జాబితా తెప్పించుకుని ఊర్ల పేర్లు చూశారు. పల్లెటూళ్ళు, లంకలు, సముద్రం పక్క ఊళ్ళు. అబ్బే, ఇది అవగాహనా లోపం అన్నారు. ఆయన దానికి మందు కూడా కనిపెట్టారు. సీట్ల గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం ఆడిటోరియంలో సభ. విషయం, గ్రామీణ విద్యార్థుల్లో డిజిటల్ అవగాహన. ముఖ్య అతిథి, శాలువా, సమోసా, టీ. హాస్టల్లో ముందే దిగిన పిల్లల్ని, చుట్టుపక్కల నుంచి రాగలిగిన పిల్లల్ని అందరినీ పిలిపించారు.

ఆ రోజు మధ్యాహ్నం నేను వెనక గదిలో కార్డులు ప్రింట్ చేస్తున్నాను. బయట బల్ల దగ్గర ఒక గొంతు లేచింది. నా గొంతుకి సరిజోడు గొంతు విని చాలా కాలమైంది, చెయ్యి ఆగిపోయింది.

"రేపు తెరుచుకుంటే నేనేం చేసుకోనమ్మా? ఇయ్యాల సాయంత్రానికి సీటు పోద్దంటగా. రేపు తాళం తీసి ఖాళీ ఇల్లు చూపిస్తారా?"

"అది దానంతటదే తెరుచుకోవాలండి. మా చేతుల్లో లేదండి. ఆయ్, మీరు కూర్చోండి, మంచినీళ్ళు తాగండి."

"నీళ్ళొద్దు తల్లీ. నాలుగు రోజులబట్టి ఫోన్ చేస్తంది మా పిల్ల. చేసినప్పుడల్లా మంచిగా మాట్లాడతారు. ఫోన్ పెట్టేశాక చూస్తే మళ్ళీ తాళం. అన్నం తింటంలా ఇది. నా బుట్ట మా చెల్లెలికి అప్పజెప్పి పొద్దున్నే బందరు బస్సెక్కామమ్మా."

నేను తలుపు తీశాను. సర్క్యులర్ గుర్తుంది, అయినా తీశాను. బల్ల ముందు ఒకావిడ, పమిట నడుముకి బిగించి నిలబడి ఉంది. బందరు అవతల సముద్రం ఒడ్డు ఊరు, చేపల అమ్మకం. పక్కన కూతురు, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆ పిల్లేనట. ఈ సీటు పోతే ఈ ఏటికి చదువు లేదు. వచ్చే ఏటికి ఉంటుందని ఎవరూ మాటివ్వలేదు. మా భీమవరం ఆవిడ రెండు చేతుల్లో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని తనూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది.

"ఇట్రా," అన్నాను ఆ పిల్లని. "తాళం సంగతి తర్వాత. అసలు ఏం కొడుతున్నావో నా ఎదురుగా కొట్టు."

బల్ల వెనక నా పాత కుర్చీలో కూర్చోబెట్టాను. పాస్‌వర్డ్ కొడితే తెరమీద అక్షరాలు కనపడవు కదా, చుక్కలు పడతాయి. ఒక్కొక్క మీటా వెతుక్కుని జాగ్రత్తగా కొడుతోంది. డబ్ల్యూ, ఈ, ఎల్, సీ, ఓ, ఎమ్, ఈ. బాగుంది. అక్కడ ఆగాలి. ఆగలేదు. చుక్క తర్వాత చుక్క పడుతూనే ఉంది.

"ఏయ్, ఆగాగు. అయిపోయాక ఇంకేం కొడుతున్నావ్?"

"పాస్‌వర్డే మేడమ్."

"ఏమని?"

"వెల్‌కమ్ అండీ అని, మేడమ్. గ్యాప్ లేకుండా."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు ఆగలేదు.

"ఓసి నీ మర్యాద మండా! పాస్‌వర్డ్‌కి అండీ ఏంటే? కంప్యూటరేమన్నా నీకు మేనమామా? అండీ పెట్టకపోతే అలుగుతుందా? నాలుగు రోజుల నుంచి ఇదేనా కొడుతోంది?"

పిల్ల బెదిరిపోయింది. "ఫోన్లో మేడమ్ అట్టాగే చెప్పారండీ. వెల్‌కమ్ అండి, కలిపేసి కొట్టండి అన్నారండీ."

ఆలోచించండి. తప్పెక్కడుంది? ఇంటికొచ్చిన వాళ్ళని మనం వెల్‌కమ్ అండీ అనే అంటాం. ఉత్త వెల్‌కమ్ అని ఎవరంటారు? కొత్తగా వచ్చే పిల్లలకి యూనివర్సిటీ పెట్టిన పాస్‌వర్డ్ వెల్‌కమ్ అండీ అయితే, అంతకంటే సబబైన మాట ఇంకోటి ఉండదు. నేనైనా అదే కొట్టేదాన్ని.

వెనక గ్లాసు కింద పడిన చప్పుడైంది. మా భీమవరం ఆవిడ గోడకి ఆనుకుపోయింది. "ఆయ్... అయితే ఇన్ని రోజులూ నేను చెప్పినోళ్ళందరూ..." అని మిగతాది మింగేసింది. ఆవిణ్ని ఓదార్చడానికి టైము లేదు. గోడ గడియారం చూస్తే నాలుగు దాటింది. తాళం తీసే అధికారం ఒక్క డైరెక్టరు గారికే ఉంది, ఆయనేమో ఆడిటోరియంలో ఉన్నారు. పిల్లని ఒక చేత్తో, తల్లిని ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తాను. నా వయసులో దాన్ని పరుగు అనొచ్చో లేదో గానీ, నాకైతే పరుగే.

ఆడిటోరియం కిక్కిరిసి ఉంది. స్టేజీ మీద డైరెక్టరు గారి ల్యాప్‌టాప్ పెద్ద తెర మీద కనిపిస్తోంది. ఆయన తన సొంత లాగిన్‌లోనే పోర్టల్ తెరిచి పిల్లలకి చూపిస్తున్నారు. "ఒక్క క్లిక్. ఒక్క క్లిక్‌తో ప్రపంచం మీ అరచేతిలోకి వస్తుంది. దానికి కావలసింది కొంచెం అవగాహన." ముఖ్య అతిథి కళ్ళు మూసుకుని తల ఊపుతున్నారు. నేను పక్కమెట్ల మీదుగా ఎక్కి ఆయన చెవి దగ్గర నిలబడ్డాను.

"సార్, ఈ అమ్మాయి ఖాతా తెరవాలి."

"ప్రోగ్రామ్ అయ్యాక చూద్దామండీ."

"అయ్యేసరికి ఐదు దాటుతుంది. సీటు పోతుంది సార్."

"మీరు లోపల గదిలో కదా ఉండాల్సింది?"

"సార్, పిల్లలు పాస్‌వర్డ్‌లో అండీ కొడుతున్నారు. అందుకే ఈ తాళాలన్నీ."

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. "మంచిదేగా," అన్నారు. "మర్యాద నేర్చుకుంటున్నారు."

దేవుడి తోడు, ఆ మాటే అన్నారు. నేను మైకు లాక్కున్నాను. నాకు మైకు అక్కర్లేదు నిజానికి, కానీ ఆయన చేతిలో ఉంటే మళ్ళీ ప్రపంచాన్ని అరచేతిలోకి తెస్తారని భయం.

"పిల్లలూ! ఖాతాలకి తాళం పడినవాళ్ళు చేతులెత్తండి."

సగం హాలు లేచింది.

"వెల్‌కమ్ తర్వాత అండీ అని కొట్టినవాళ్ళు?"

ముందు వరసలో ఒక అబ్బాయి అటూ ఇటూ చూసి మెల్లిగా చెయ్యెత్తాడు. అతని వెనక ఇంకో అమ్మాయి. ఆ తర్వాత చేతులు లెక్కపెట్టే పరిస్థితి లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని ముసిముసిగా మొదలెట్టి చివరికి విరగబడి నవ్వారు. పాపం, ఇన్ని రోజులూ ప్రతివాడూ తనొక్కడే తెలివితక్కువ దద్దమ్మ అనుకుని గుట్టుగా ఏడ్చినట్టున్నాడు.

"పాస్‌వర్డ్ ఉత్త వెల్‌కమ్. అండీ వద్దు. వద్దండీ!" అన్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది? హాలు మళ్ళీ గొల్లుమంది.

ముఖ్య అతిథి కళ్ళు తెరిచి, "ఏమైందండీ?" అని అడిగారు. డైరెక్టరు గారికి చెమటలు మొదలయ్యాయి. ల్యాప్‌టాప్ వైపు చూపించి, "తాళాలన్నీ ఒకేసారి తీసే బటన్ కుడిపక్క కింద ఉంటుంది సార్. ఒక్క క్లిక్ అన్నారుగా, కానివ్వండి," అన్నాను. అంతమంది చూస్తుండగా కానివ్వక ఏం చేస్తారు? నొక్కారు. బటన్ ఎక్కడుందో వెతకడానికి ఆయనకి కొంచెం అవగాహన కావలసి వచ్చింది.

డైరెక్టరు గారి లాగిన్ మూసేసి, చేపలావిడ కూతుర్ని ఆ ల్యాప్‌టాప్ ముందే కూర్చోబెట్టాను. పెద్ద తెర మీద చుక్కలు పడుతున్నాయి. వెల్‌కమ్ అయ్యేసరికి పిల్ల వేలు "ఏ" అన్న మీట మీద గాల్లో ఆగింది. హాలంతా ఒక్క గొంతుతో "వద్దూ!" అని అరిచింది. వేలు వెనక్కి తీసుకుంది. లోపలికి వెళ్ళింది. బటన్ నొక్కింది. "మీ సీటు ఖరారైనది" అని తెర మీద పచ్చటి అక్షరాలు.

తల్లి స్టేజీ కింద నిలబడి అడిగింది. "అయిందా?"

"అయిందమ్మా."

"ఇంతేనా? దీనికా నాలుగు రోజులు అన్నం మానేశావు, ముదనష్టపుదానా!" అని తిట్టి, అక్కడే మెట్టు మీద కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నా మొహం ఎవరూ చూడకుండా నేను మైకు వెనక దాక్కున్నాను.

హాల్లో ఉన్నవాళ్ళ గొడవ తీరింది, ఎవరి ఫోన్లలో వాళ్ళు కొట్టుకుంటున్నారు. ఇళ్ళ దగ్గర ఉన్నవాళ్ళ సంగతేంటి? వాళ్ళ ఖాతాలూ ఇప్పుడు తెరుచుకున్నాయి, కానీ అండీ తీసెయ్యాలని వాళ్ళకెవరు చెబుతారు? మళ్ళీ అదే కొడతారు, మళ్ళీ తాళం. అందరికీ ఒక మెసేజ్ పంపుదాం సార్, గడువు ఇంకో రోజు పెంచుదాం సార్ అని డైరెక్టరు గారి వెంట పడ్డాను. గడువు పెంచితే మన తప్పు ఒప్పుకున్నట్టవుతుంది అన్నారు. మెసేజ్‌కి మాత్రం డ్రాఫ్ట్ పెట్టమన్నారు. నిలబడ్డచోటే ఫోన్‌లో కొట్టి ఆయనకి పంపాను. "పాస్‌వర్డ్ వెల్‌కమ్ మాత్రమే. అండీ కొట్టవద్దు." ఆయన దాన్ని పరిశీలన నిమిత్తం ఇంకెవరికో పంపారు. కాసేపటికి తిరిగొచ్చింది, దిద్దుబాటుతో సహా. భాష కటువుగా ఉన్నది, సర్క్యులర్ ప్రకారం చివర అండీ చేర్చవలెను.

నేను నవ్వానో ఏడ్చానో గుర్తులేదు. ఆ దిద్దుబాటు మీద వాదించుకుంటూ ఉండగానే ఐదైంది. మిగిలిపోయిన సీట్లు, ఆయన ఎప్పుడూ మురిసిపోయినట్టే, వాటంతటవే వెళ్ళిపోయాయి.

తర్వాత నా మీద విచారణ వేశారు. స్టేజీ ఎక్కి మైకు లాక్కున్నది ఒక ఆరోపణ, విద్యార్థినిని దూషించింది ఇంకోటి. తాళాల మీద మాత్రం విచారణ లేదు. ముగ్గురు ప్రొఫెసర్ల కమిటీ. సాక్షిగా ఆ చేపలావిడ కూతుర్నే పిలిపించారు. అప్పటికి తరగతులు మొదలై, మెడలో నేను ప్రింట్ చేసిన ఐడీ కార్డు వేసుకుని వచ్చింది. నా వైపు చూసి నవ్వబోయి, ఎదురుగా ఉన్న మొహాలు చూసి మానేసింది.

"ఈ మేడమ్ ఆ రోజు మిమ్మల్ని దూషించారా?"

"లేదండీ. తిట్టారండీ."

"ఏమని?"

చెప్పమని సైగ చేశాను. "నీ మర్యాద మండా అన్నారండీ. కంప్యూటరేమన్నా మేనమామా అన్నారండీ."

ముగ్గురిలో ఒకాయనకి దగ్గొచ్చింది. పెద్దాయన మాత్రం గంభీరంగా, "తిట్టినట్టు విద్యార్థిని ఒప్పుకున్నది" అని పక్కన గుమాస్తాకి చెప్పి రాయించారు. "సరేనమ్మా, వెళ్ళొచ్చు."

పిల్ల లేవలేదు. "ఒక మాట చెప్పొచ్చాండీ?"

"చెప్పండి."

"మా వీధిలోనే ఇంకో అమ్మాయి ఉందండీ. నాకంటే దానికే మార్కులెక్కువ. అదీ వెల్‌కమ్ అండీ అనే కొట్టిందండీ. ఆ రోజు దాన్ని తీసుకురావడానికి ఇంట్లో ఎవరూ లేక రాలేదు. నేను హాల్లోంచి బయటికొచ్చి ఫోన్ చేసేసరికి ఐదు దాటిపోయింది. సీటు వేరేవాళ్ళకి పోయిందండీ. ఇప్పుడు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ గొలుసులు అతికే పనికెళ్తంది. దానికేమన్నా చేస్తారేమోనని..."

దగ్గొచ్చినాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పెద్దాయన, "చాలా విచారకరమమ్మా. కానీ అది ఈ కమిటీ పరిధిలోకి రాదు," అన్నారు. నిజంగా బాధగానే అన్నారు. గుమాస్తా అది రాసుకోలేదు.

నా మీద ఆరోపణలు రెండూ రుజువయ్యాయి. మందలింపు సర్వీసు రిజిస్టర్‌లోకి ఎక్కింది, రిటైరయ్యేదాకా వెనక గదిలోనే ఉన్నాను. దాని గురించి నాకేం దిగుల్లేదు, అక్కడ ఫ్యాను బాగా తిరిగేది. ఆ రెండో పిల్ల మాట మాత్రం మనసులోంచి పోలేదు. ఒకరోజు ఉండబట్టలేక పాత ఫోన్ రికార్డులూ మెసేజీలూ తీయించి చూశాను. ఆ పిల్ల హెల్ప్‌డెస్క్‌కి ఎన్నోసార్లు ఫోన్ చేసింది, చేసిన ప్రతిసారీ నమస్కారమండి అనే ఎత్తారు. గడువు దాటాక వెళ్ళిన మెసేజ్ కూడా చదివాను. మా యూనివర్సిటీపై మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదాలండీ, మీ సీటు రద్దయినందుకు చింతిస్తున్నామండీ, మీ భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలని కోరుకుంటున్నామండీ అని ఉంది. మొదటి నుంచి చివరి దాకా ఆ పిల్లని మా యూనివర్సిటీలో ఎవ్వరూ పల్లెత్తు మాట అనలేదు.